బోనులో చుక్కమ్మ చుట్టరికాలు

నల్లగుట్ట కింద అడవిశాఖవాళ్లు చిరుతపులి కోసం బోను పెట్టి, లోపలి అరలో ఎరగా చుక్కమ్మ అనే మేకను ఉంచారు. రెండు అరలకూ మధ్య ఇనుప ఊచలు. పులి వస్తే బయటి అరలోనే చిక్కుతుంది, మేక మీద గోరు కూడా పడదు. ఈ సంగతి చుక్కమ్మకు ఎవరూ చెప్పలేదు. మేకలకు చెప్పి చేసే పనులు లోకంలో ఏమున్నాయి గనక?

మొదట్లో ప్రాణభయంతో గొంతు పోయేలా అరిచింది. కాపలావాడు రోజూ ఇంత రొట్ట, కుండెడు నీళ్లు పెట్టి, పలకరించకుండా పోయేవాడు. మందలో పుట్టి మందలో పెరిగిన జీవం. పక్కన ఇంకో దవడ ఆడకపోతే దానికి నెమరు కూడా సాగదు. పోనుపోను భయం పోయింది, దాని వెనకే మతీ జారింది. తలుపు గడియను అత్తగారంది. నీళ్లకుండను తోడికోడలు చేసుకుంది. అత్తగారు పలకడం లేదని అలిగి ఓ పూట పస్తు పడుకుంది. ఇదంతా తప్పని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది పాపం. కానీ తప్పని చెప్పడానికైనా ఇంకొకరుండాలి కదా.

చివరికి చిరుత వచ్చాడు. పేరు గండప్ప. బోనుల సంగతిలో ఆరితేరినవాడు. ఎరమేక అరుస్తుంది, అరవని మేక ఎర కాదు అన్నది అతని లెక్క. ఇక్కడేమో మేక కుండతో తగువు పడుతోంది.

"ఎవరితోనమ్మా పోట్లాట?" అన్నాడు.

"మా తోడికోడలితో మామా. దానికి మతి సరిగా లేదు. ఎండన పడొచ్చావు, లోపలికి రా."

"నేనెవరో తెలుసా?"

"ఎవరైతేనేం, మాట్లాడుతున్నావు. అదే పదివేలు."

పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్టుందని గండప్పకు నవ్వాగలేదు. నవ్వుతూనే లోపల అడుగుపెట్టాడు. వెనక తలుపు దభీమని పడింది.

గాండ్రించాడు, ఊచలు కొరికాడు. చుక్కమ్మ మాత్రం ఇంటికి చుట్టం వచ్చినంత సంబరపడి, ఆ దగ్గు మంచిది కాదు, వాము నమలమంది. ఆ రాత్రే పెద్దవాన కురిసి వాగు పొంగడంతో మనుషులెవరూ రాలేదు. చుక్కమ్మ తన చెల్లెలి పెళ్లి కథ ఎత్తుకుంది. గండప్ప ముందు తిట్టాడు, తర్వాత విన్నాడు, ఆ తర్వాత ప్రశ్నలు వేశాడు.

మాటకు మాట దొరికేసరికి చుక్కమ్మ బుర్ర దారికొచ్చింది. కుండ కుండలా, గడియ గడియలా కనిపించాయి. ఎదుటివాడు పులిలా కనిపించాడు. దాంతో నోరు పడిపోయి, మూలకు ఒదిగింది.

ఓ పూట గడిచాక గండప్ప ఊచలకు మొహం ఆనించాడు.

"పెళ్లికొడుకు కుంటివాడని తెలిసింది కదా, తర్వాతేమైంది?"

"నువ్వు నన్ను తింటావు," అంది చుక్కమ్మ.

"తిండి సంగతి తర్వాత. మాట్లాడు తల్లీ. ఇందాకటి నుంచి నా తోకను పలకరిస్తున్నాను. అది జవాబు చెబుతోంది."

చుక్కమ్మకు భయమూ వేసింది, జాలీ వేసింది. అది ఎలాంటి జబ్బో తనకు తెలుసు. గొంతు సవరించుకుని కథ అందుకుంది.

వాగు తీశాక మనుషులు వలలు, కర్రలతో వచ్చి చిరుతను వేరే బోనులోకి తోలారు. గండప్ప వాళ్లవంక చూడనైనా లేదు.

"కాసేపాగమను చుక్కమ్మా, పీటల మీద నుంచి లేచిపోయిందెవరో ఇంకా చెప్పలేదు," అంటూనే బండెక్కాడు.

ఒంటరివాళ్ల పిచ్చి చూసి నవ్వేవాడు, ముందు తన వెనక తలుపు చూసుకోవాలి.