సన్నాయి కరీముల్లా, ఒళ్ళంతా చూసిన స్కాను

నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో కరీముల్లా అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. వాయిద్యంలో ఘనుడే గానీ, ఒక్కటి కంటపడితే చాలు, మిగతాది చూడకుండానే నిర్ణయానికి వచ్చేసేవాడు.

పెళ్ళిలో పురోహితుడు చెయ్యెత్తి సైగ చేస్తేనే గట్టిమేళం వాయించాలి. ఒకసారి పురోహితుడు ఈగను తోలుకోవడానికి చెయ్యెత్తాడు. కరీముల్లా ఆ చెయ్యి చూడగానే గట్టిమేళం అందుకున్నాడు. పక్కనున్న డోలు సాంబయ్యకూ వాయించక తప్పలేదు. జనం అక్షింతలు గుప్పించారు. పెళ్ళికూతుర్ని మేనమామలు ఇంకా గంపలో తీసుకొస్తూనే ఉన్నారు. పందిరంతా పడీ పడీ నవ్వింది. కరీముల్లా మాత్రం మారలేదు.

కొన్నాళ్ళకు అతని మెడ మీద గడ్డ లేచింది. గుంటూరు ఆసుపత్రిలో దాని ముక్క తీసి పరీక్షిస్తే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అని తేలింది.

"గడ్డ ఇదుగో, కళ్ళెదురుగానే ఉంది డాక్టరమ్మా. కోసి పారెయ్యండి. మాఘంలో పెళ్ళిళ్ళు ఒప్పుకున్నా" అన్నాడు కరీముల్లా.

డాక్టరు వసుంధర తల అడ్డంగా ఊపింది. "ముందు ఒళ్ళంతా చూసే పెట్ స్కాన్ తీయాలి కరీముల్లా గారూ. కాస్త రేడియోధార్మికత కలిపిన చక్కెర మందు నరంలోకి ఎక్కిస్తాం. క్యాన్సర్ కణాలకు చక్కెర ఆశ ఎక్కువ. ఎక్కడ నక్కి ఉన్నా దాన్ని లాక్కుంటాయి. ఆ చోటు చిత్రంలో వెలుగుతుంది."

"మెడ మీది గడ్డకి ఒళ్ళంతా ఫొటో ఎందుకండీ?" అంటూ కరీముల్లా విసురుగా బయటికొచ్చేశాడు.

తోడొచ్చిన సాంబయ్య మెట్ల దగ్గర పట్టుకున్నాడు. "ఎక్కడికన్నా?"

"ఇంకోచోట కోయించుకుంటా."

"ఈగని తోలిన చెయ్యి చూసి మొదలెట్టావే, ఇదీ అంతే. ఆ రోజు నవ్వి వదిలేశారు. ఈసారి ప్రాణం మీదికొస్తది. పద లోపలికి."

కరీముల్లా గొణుక్కుంటూనే స్కాన్ తీయించుకున్నాడు.

చిత్రంలో మెడ వెలిగింది. చంక కూడా వెలిగింది. రొమ్ము మధ్యలో, మెడకంటే పెద్దగా, ఇంకో వెలుగు కనిపించింది.

"మెడ కోసి ఊరుకుంటే ఇవి లోపల పెరిగిపోయేవి. కత్తి పక్కన పెడదాం. ఒళ్ళంతా తిరిగే మందులు ఎక్కిద్దాం. ఈ జబ్బు చాలామందికి నయమవుతుంది" అంది వసుంధర. "ఒక్క మాట. వీటిలో ఒక మందు కొందరికి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది."

"అయితే నాకొద్దు. ఊపిరి లేకపోతే సన్నాయి ఎక్కడిది?" అని లేచాడు కరీముల్లా.

"చూశారా, మళ్ళీ సగమే విన్నారు. రెండు విడతలయ్యాక మళ్ళీ స్కాన్ తీస్తాం. వెలుగులు ఆరిపోతే ఆ మందు ఆపేస్తాం. ఆరకపోతే వేరే దారి చూద్దాం."

ఈసారి కరీముల్లా చివరిదాకా విన్నాడు. మెల్లగా కూర్చుని మందు ఎక్కించమని చెయ్యి చాపాడు.

రెండో స్కాన్ రోజు రానే వచ్చింది. సాంబయ్య కుదురుగా కూర్చోలేక మోకాళ్ళ మీదే డోలు వాయిస్తున్నాడు. తెర మీద చిత్రం పడింది. తల దగ్గర ఇంత పెద్ద వెలుగు! పాత కరీముల్లా అయితే అప్పుడే ఏడుపు అందుకునేవాడు. ఇప్పుడు పెదవి బిగబట్టి డాక్టరు చెప్పేదాకా ఆగాడు.

"అది మెదడు. దానికీ చక్కెర కావాలి. అందరికీ అలాగే వెలుగుతుంది. మొదటిసారీ వెలిగింది, మీరే గమనించలేదు" అని నవ్వింది వసుంధర. "ఇప్పుడు మెడ చూడండి. చంక చూడండి. రొమ్ము చూడండి."

ఎక్కడా వెలుగు లేదు. అన్నీ ఆరిపోయాయి.

"ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ఆ మందు ఇక అక్కర్లేదు. మిగతావి మాత్రం పూర్తిచేయాలి" అందామె.

సాంబయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కరీముల్లా ఆనందం పట్టలేక రొమ్ము నిండా గాలి పీల్చి, ఆ ఊపిరిని ఎంతోసేపు నిలిపి, మెల్లగా వదిలాడు. ఆ ఊపిరి అతనికి దక్కింది.

నీతి: కళ్ళకు కనిపించిన చోటే కష్టమంతా ఉందనుకోకూడదు, మొత్తం చూశాకే నిర్ణయం తీసుకోవాలి.