అరిగిన ఇనుము ఎవరిది?

వసంతోత్సవపు రథాల పందెం మర్నాడు కమ్మరి గంగులమ్మకి అన్యాయం జరిగింది. పందేనికి ముందు ఆవిడ దళవాయి భైరవప్పకి దాపరికం లేకుండానే చెప్పింది.

"రథచక్రాలకి మందం ఇనప పట్టాలైతే నలభై వరహాలు. పదేళ్లు మన్నుతాయిగానీ చక్రాలు బరువెక్కుతాయి. పలచనివి ఇరవై. రథం గాలిలా పోతుంది, ఒక్క పందేనికే అరుగుతాయి దొరా."

ఆయన పలచనివే బిగించుకుని నెగ్గాడు. రాజుగారి చేత వంద వరహాల బహుమానం పుచ్చుకున్నాడు. వెల అడిగితే మాత్రం, "సగం అరిగాయిగా. మిగిలిన ఇనుముకి పది తీసుకుపో," అన్నాడు.

పదితో ఇనుము కొన్న అప్పు తీరదు, కొలిమి ఆరిపోతుంది. గంగులమ్మ తిన్నగా సభకి వెళ్లి జరిగింది చెప్పింది.

"పదే ఇప్పించండి మహారాజా. మిగిలిన సగం దళవాయిగారిది. అరిగిన సగం ఆయన కొనలేదు గనక నాది. పందెంలో నేలని రాసుకుంటూ పరిగెత్తింది అరిగిన సగమే. మిగిలింది దానిమీద సవారీ చేసింది. కాబట్టి బహుమానం నాకు రావాలి."

సభంతా నవ్వింది. భైరవప్ప మీసం మీంచి చెయ్యి దించి, "మొత్తం వెల ఇస్తాలే," అని గొణిగాడు.

"ఇంటి దగ్గరే ఇచ్చుంటే సరిపోయేది. ఇక్కడిదాకా నడిపించారు, నా చెప్పులూ అరిగాయి."

రాజుగారు తలూపారు. రాయసగాడు రాసుకున్నాడు: పట్టాలకి ఇరవై, చెప్పులకి ఒకటి, మొత్తం ఇరవై ఒక్క వరహాలు.