రెండు దిక్కుల కుక్క

ఒకప్పుడు కుక్కలు నిద్దరొస్తే ఉన్నచోటే దబ్బున పడి, రోకలిలా బారుగా పడుకునేవి. గిరగిరా తిరగడాలూ లేవు, చుట్టుకోవడాలూ లేవు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున సింగారమ్మ అని ఒకావిడ చేపలు ఎండబెట్టుకునేది. పాపం, అటు తల తిప్పితే చాలు, ఇటు కాకి చేప ఎత్తుకుపోయేది. ఆవిడ ఇంటికి పడమట బోడెయ్య ఇల్లు. ఆయనకి బాతులున్నాయి. ఆయన ఏడుపంతా నక్కల గురించి.

ఒకనాడు ఒక ఎర్రకుక్క వచ్చి రెండిళ్ళ మధ్యా నిలబడింది.

"అమ్మా, అయ్యా! నాకు దిక్కెవరూ లేరు" అంది.

"నీకు దిక్కు నేనున్నాగా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

సింగారమ్మకి చుర్రుమంది. "ముందు నేనన్నాను మావా!"

"నోరు ముందు తెరిచింది నేనే కోడలా!"

"పోనీ, పొత్తులో పెంచుకోండి" అంది కుక్క.

సింగారమ్మ ఆలోచనలో పడింది. బోడెయ్యతో పొత్తా! కిందటేడు ఇద్దరూ కలిసి తాటాకు గొడుగు చేయించుకుంటే, వానాకాలమంతా ఆయనే వేసుకు తిరిగాడు. వానలు వెలిశాక తెచ్చి, "ఇక నీ వంతు కోడలా" అన్నాడు. ఇప్పుడు కుక్కలో మొరిగే సగం ఆయన పట్టుకుపోతే? మొరగని సగంతో తనేం చేసుకోవాలి?

అలా ఆలోచిస్తుంటే రెండు కాకులొచ్చి ఐదు చేపలు ఎత్తుకుపోయాయి.

"సరే మావా, పొత్తే!" అని గట్టిగా అరిచింది సింగారమ్మ. "పగలు కాకుల పని నాకు, రాత్రి నక్కల పని నీకు. సందెవేళ కునుకు దానికి."

పగలంతా కాకులు దగ్గరికి రాలేదు. సందెవేళకి కుక్క తూర్పుకి తలపెట్టి పడుకుంది. బోడెయ్య ఒంటికాలి మీద లేచాడు.

"ఓసీ! నా దిక్కుకి తోక పెడతావా? అంటే నీకు దిక్కు ఆవిడేనా?"

కుక్క గబుక్కున లేచి పడమటికి తలపెట్టింది.

"నా చేపలు తిని నాకు తోక చూపిస్తావా?" అంది సింగారమ్మ.

కుక్క తూర్పుకి తిరిగింది. బోడెయ్య గుర్రుమన్నాడు. పడమటికి తిరిగింది. సింగారమ్మ బుస్సుమంది.

"పొత్తూ లేదు, గిత్తూ లేదు. పో!" అన్నాడు బోడెయ్య.

ఆ మాటకి సింగారమ్మ చటుక్కున తన చేపల వైపు చూసింది. కుక్క పోతే రేపు మళ్ళీ కాకులే! కుక్కకి ఇంకా భయం. ఉన్న రెండు దిక్కులూ పోతున్నాయాయె! తూర్పూ పడమరా, తూర్పూ పడమరా గిరగిరా తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి చక్కిలంలా చుట్టుకుని పడిపోయింది.

సింగారమ్మ వంగి చూసింది. "తలెక్కడ మావా?"

"తోక దగ్గర."

"మరి తోకెక్కడ?"

"తల దగ్గరే!"

ఇంక ఎవరిమీద అలుగుతారు? ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వేశారు.

కుక్క ఒక కన్ను తెరిచింది. "ఇంతకీ నాకు దిక్కున్నట్టా, లేనట్టా?"

"రెండున్నాయిలేవే, పడుకో" అంది సింగారమ్మ.

అప్పటినుంచే కుక్క పడుకునే ముందు గిరగిరా తిరుగుతుంది, ముక్కు తోక కిందకి దూర్చి చుట్టుకుంటుంది. మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తుందే, అది మనం మళ్ళీ పోట్లాడుకుంటున్నామేమోనని!