మడుగు ముందు రెండు బంతులు

అమ్మలారా, అయ్యలారా, కాస్త ముందుకు జరగండి. చెప్పుల మీద కన్నేసి గుమ్మం దగ్గర కూర్చున్న నాయనా, నువ్వూ రా. స్వామి సన్నిధిలో చెప్పులు పోవు. పోయినా కథ మిగులుతుంది. ఈవేళ చెప్పబోయేది గోల్ఫు బంతి కథ. నవ్వకండి. చిన్ననాడు మన స్వామి కూడా బంతాట ఆడినవాడే.

విశాఖలో సన్యాసిరావు మాస్టారని, గోల్ఫు నేర్పే పెద్దాయన ఒకరుండేవారు. ఎవరేమడిగినా "పద, నడుద్దాం" అనడమే ఆయన అలవాటు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు.

ఒకనాటి ఉదయం హైమవతి అనే శిష్యురాలు చేతికొక బంతి చొప్పున పట్టుకొచ్చింది. ఆవిడ బళ్ళో పిల్లలకి ఆటలు నేర్పే టీచరు. మర్నాడే రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. గోల్ఫులో ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని గుంటల్లో వేస్తే అంత గెలుపు, బంతి నీళ్ళలో పడితే ఒక దెబ్బ దండుగ. నిరుడు ఒక్క దెబ్బ తేడాలో జట్టులో చోటు తప్పిపోయింది. ఆ దెబ్బను మింగింది మూడో గుంటకు అడ్డంగా ఉన్న మడుగు. ఈ పోటీలో నియమం ఏమిటంటే, ఏ రకం బంతితో మొదలుపెడితే ఆఖరిదాకా ఆ రకంతోనే ఆడాలి.

"మాస్టారూ, ఇది పేరుమోసిన కంపెనీది, ఖరీదెక్కువ. ఇది మధ్యరకం. రేపు ఏది పట్టుకెళ్ళను?"

పక్కనే కర్ర తుడుచుకుంటున్న సాటి ఆటగాడు కామేశం గారు ఊరుకోలేకపోయారు. "మధ్యరకమే పట్టుకెళ్ళమ్మా. మడుగులో చేపలకి అంత ఖరీదు ఫలహారం ఎందుకు?"

"మొన్న మీరు పెట్టిన విందే వాటికింకా అరగలేదు లెండి," అంది హైమవతి.

మాస్టారు నవ్వి, "పద తల్లీ, నడుద్దాం," అన్నారు.

ఖరీదైన బంతితో మొదటి రెండు గుంటలూ చక్కగా ఆడింది. మడుగు కనబడగానే ఆమె చెయ్యి దానంతటదే ఆ బంతిని జేబులో దాచి, గీతలు పడ్డ పాత బంతిని తీసి నేలమీద పెట్టింది. నీళ్ళ ముందు ఆటగాళ్ళు చాలామంది చేసే పనే అది. కొట్టింది. బుడుంగుమంది.

"పాతదే లెండి మాస్టారూ, పోతే పోయింది."

"పోతుందనే కదమ్మా తీశావు."

అప్పుడు మాస్టారు ఆ రెండు కొత్త బంతులూ తీసుకున్నారు. ఎవరి బంతి వారికి తెలియడానికి గుర్తు పెట్టుకునే సిరాపెన్ను ఉంటుంది చూడండి, దానితో రెండింటి పేర్లూ కనబడకుండా నల్లగా పూసేశారు. తువ్వాలులో వేసి కలిపి, కళ్ళు మూసుకుని ఒకటి తీసిచ్చారు.

"ఏది ఏదో చెప్పరూ?"

"నాకు మాత్రం ఏం తెలుసు?"

రెండూ మడుగు దాటాయి. ఇంచుమించు ఒకేచోట పడ్డాయి. వింత అంతా గుంట దగ్గరికి వెళ్ళాక బయటపడింది. చిన్న దెబ్బ కొడితే ఒకటి పడ్డచోట బుద్ధిగా ఆగుతోంది, రెండోది ఇంకాస్త దొర్లిపోతోంది. హైమవతికి నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ కొట్టి చూసింది. చివరికి ఆగేదాన్ని ఎంచుకుని, సిరా రుద్ది చూసింది. ఖరీదైనదే.

"ఏం అదృష్టమో ఆ చేపలది!" అన్నారు వెంట వచ్చిన కామేశం గారు.

మర్నాడు పోటీలో, మడుగు ముందు ఆమె చెయ్యి అలవాటు చొప్పున జేబులోకి వెళ్ళింది. పాత బంతి అక్కడ లేదు. తనలో తానే నవ్వుకుని కొట్టింది. బంతి నీళ్ళలో పడింది. అందరూ అయ్యో అన్నారు. ఆమె మాత్రం అదే రకం ఇంకొకటి తీసి పెట్టి, ముందుకంటే నిబ్బరంగా కొట్టింది. అది దాటింది. పోయిన దెబ్బల్ని ఆ తర్వాతి గుంటల దగ్గర చిన్న దెబ్బలే మెల్లమెల్లగా తిరిగి తెచ్చాయి. సాయంత్రం జట్టు పేర్లు చదివితే ఆఖరి పేరు ఆమెది.

ఇళ్ళకు వెళ్ళాక మీరు తలుచుకోవలసింది ఆ సిరా పూసిన పని ఒక్కటే. ఏ రెంటి మధ్యనైనా మనసు ఊగినప్పుడు ముందు పేర్లు కప్పండి, ఆ తర్వాత చేత్తో ఆడి చూడండి. మీ వాళ్ళ చేతా చేయించండి. మాస్టారి చివరి మాటను మాత్రం నేను విప్పి చెప్పను, విన్నది విన్నట్టు అప్పగిస్తున్నాను.

హైమవతి ఆయన పాదాలకు దణ్ణం పెట్టి అందిట: "మడుగు ఈసారీ ఒక బంతి తీసుకుంది మాస్టారూ."

"నిరుడు తీసుకుంది తల్లీ. ఈసారి నువ్వు ఇచ్చావు."