డ్రమ్ములో రేకు ముక్క

ఓబులేసుకు ఒకటే దిగులు. తనతోపాటు స్పానరు పట్టుకున్నవాళ్లంతా కడపలో తలా ఒక షెడ్డు పెట్టుకుని, తలా ఒక బోర్డు కట్టుకుని కూచున్నారు. తానొక్కడే ఇంకా పీరా ఉస్తాదు షెడ్డులో నల్లటి చేతులతో నిలబడి ఉన్నాడు. దారినపోయే ప్రతివాడూ "ఏం ఓబులేసూ, ఇంకా ఉస్తాదు దగ్గరేనా?" అని అడిగి మరీ పోతాడు. వాళ్ల సొమ్మేం పోయింది, అడగడానికి!

ఆ వీధిలో మెకానిక్కులకు ఒక పద్ధతి ఉంది. ఉస్తాదు తన నోటితో "ఇంక నీ దారి చూసుకో" అన్నాకే శిష్యుడు సొంత బోర్డు కట్టాలి. అనకముందే కట్టినవాడి దగ్గరికి బండి తెచ్చేవాళ్లు ఉండరు.

ఒకనాడు ఓబులేసు తెగించి అడిగేశాడు. "ఉస్తాద్, నన్నెప్పుడు పొమ్మంటారు?"

పీరా ఉస్తాదు డెబ్బై ఏళ్ల మనిషి. మాటల్లో మహా పిసినారి. షెడ్డు మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ గోనెపట్టల కింద ఒక పాతకాలం మోటారుసైకిలు పడి ఉంది. ఓబులేసు వాళ్ల నాయన నిక్కరు తొడుక్కుని బడికి పోయే రోజుల్లో తయారైన బండి. టాంకీ తుప్పు, చైను తుప్పు, సీటులో ఎలకల కాపురం.

"దాన్ని రోడ్డుకు పనికొచ్చేట్టు చెయ్. ఆ పొద్దు పో" అన్నాడు ఉస్తాదు.

చేశాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఓబులేసు పనోడే. ఇంజను మొత్తం విప్పి, కడిగి, దొరికిన సామాను కొని, దొరకనిదాన్ని లేతు మిషను పక్కన కూచుని చేయించాడు. టాంకీకి ముదురు ఆకుపచ్చ రంగు కొట్టించాడు. చివరికి ఒక సాయంత్రం కిక్కు కొడితే బండి డుగ్గు డుగ్గుమని పలికింది. వీధి వీధంతా వచ్చి చూసింది. టీకొట్టు సుబ్బరాయుడైతే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు.

అన్నీ అయినాయి, వెనక బ్రేకు ఒకటి తప్ప. చక్రం డ్రమ్ము లోపల ఉండే షూల మీది లైనింగు అరిగి గాజుబిళ్ల మాదిరి నున్నగా తయారైంది. ఆ కాలం షూలు ఎక్కడా దొరకలేదు. ఉన్నవాటికి కొత్త లైనింగు వేయిద్దామంటే, ఆ సరుకు మద్రాసు నుంచి రావాలి. బండ్లను పరీక్షించి పాస్ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబెట్టాల్సిన రోజేమో నెత్తిమీదికొచ్చింది.

ఓబులేసు అటూ ఇటూ చూసి, నూనెడబ్బా రేకు చిన్న ముక్క కత్తిరించి, మడిచి, షూ కొసన ఇరికించాడు. అందరూ చేసే పనే. రేకు పెడితే అరిగిన షూ కూడా డ్రమ్మును గట్టిగా పట్టుకుంటుంది. చదునైన నేల మీద బండి టక్కున నిలబడుతుంది. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి ఆ రేకు పక్కకు జారిందనుకో, ఇంక అంతే సంగతులు. కానీ చూసేది చదునైన నేల మీదే కదా! ఓబులేసు చక్రం బిగించేసి చేతులు తుడుచుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మంచివాడే, గట్టివాడే. లైట్లు వేయించాడు, హారను కొట్టించాడు, పొగ చూశాడు, తానే ఎక్కి మైదానమంతా ఒక చుట్టు తిప్పాడు. వేగంలో బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు ఆగింది. డ్రమ్ము లోపల ఏముందో ఆయనకెట్లా తెలుస్తుంది? "ఇప్పటి బండ్లకు కూడా లేదయ్యా ఈ నడక" అని మెచ్చుకుని పాస్ చేశాడు.

అబ్బో, ఇంక చూడాలి ఓబులేసు ఊరేగింపు! హ్యాండిలుకు బంతిపూల దండ వేసుకుని, బజారు వీధిలో పని ఉన్నా లేకపోయినా రెండుసార్లు తిరిగి, షెడ్డు ముందు బండి ఆపాడు. చుట్టుపక్కల మెకానిక్కులంతా గుమిగూడారు. సుబ్బరాయుడు అందరికీ టీ పోశాడు.

"ఉస్తాద్, ఒకే దెబ్బకు పాసయింది!" అన్నాడు ఓబులేసు.

ఉస్తాదు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. అద్దంలో ముఖం చూసుకుని గడ్డం సవరించుకున్నాడు. తర్వాత షెడ్డు వెనక ఉన్న ఇంటివైపు తిరిగి కేకేశాడు.

"ఖాసింబీ! గువ్వలచెరువు కోవా తినాలంటివి గదా. ఓబులేసు పిలుచుకుపోతాడు, రా."

ఓబులేసు దండ సవరిస్తున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గువ్వలచెరువంటే ఘాట్ ఎక్కాలి. ఎక్కడం సరే, మళ్లీ దిగాలి. లారీలకే గుండెలు జారే దిగుడు అది.

ఉస్తాదు భార్య ఖాసింబీ బురఖా వేసుకుని, చేతిలో స్టీలు క్యారియరు పట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు బయటికొచ్చింది. ఓబులేసు ఈ షెడ్డుకు వచ్చిన మొదటిరోజు నుంచి అతనికి మధ్యాహ్నం అన్నం పెట్టిన మనిషి. జ్వరమొస్తే గంజి కాచిపోసిన మనిషి. ఎవరో ఎత్తుపీట వేస్తే ఎక్కి, వెనక సీటు మీద ఒకపక్కగా సర్దుకుని కూచుంది.

"పద నాయనా. ఎండ ముదిరేలోగా పోయొద్దాం."

"అమ్మా, ఆటోలో పోతే సుఖంగా ఉంటుంది" అన్నాడు ఓబులేసు.

"ఆటోనా? ఇంత సింగారించిన బండి పెట్టుకుని ఆటో ఎందుకురా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓబులేసు కిక్కు కొట్టాడు. పాడు బండి, ఆ పొద్దే ఒక్క కిక్కుకే పలకాలా! క్లచ్చు పట్టి గేరు వేశాడు. వెనకనుంచి ఖాసింబీ చెయ్యి అతని భుజం మీద పడింది. ఆ చేతికి బరువే లేదు.

ఉస్తాదు టీ తాగుతూ నిలబడ్డాడు.

నోరు విప్పితే ఏమవుతుందో ఓబులేసుకు బాగా తెలుసు. దండ వేసుకుని ఊరేగినవాడు ఇంతమంది ముందు పరువు పోగొట్టుకోవాలి. రాబోయే షెడ్డు పోతుంది, బోర్డు పోతుంది. ఇంకెన్నేళ్లు "ఇంకా ఉస్తాదు దగ్గరేనా" అనిపించుకోవాలో. మెల్లగా పోతే ఏమీ కాదేమో. మొదటి గేరులో దిగితే, ముందు బ్రేకు పట్టుకుంటే...

"ఏందిరా? బండి పాసయిందంట, నువ్వు ఫెయిలయినట్టు ముఖం పెట్టినావే?" అంది ఖాసింబీ అద్దంలో అతన్ని చూసి.

ఓబులేసు ఇంజను ఆపేశాడు.

"అమ్మా, దిగు."

ఆమె దిగాక బండికి స్టాండు వేశాడు. తలెత్తకుండానే చెప్పాడు. "వెనక బ్రేకు షూకు రేకు ముక్క పెట్టినా ఉస్తాద్. ఈ బండి ఘాట్ దిగదు."

నవ్వులు ఆగిపోయినాయి. ఎవరో "ఓసింతేనా, మేమూ పెడతాం లేరా" అన్నారు. ఇంకెవరో దండవైపు చూసి పక్కవాడిని మోచేత్తో పొడిచారు. ఓబులేసుకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

ఉస్తాదు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఖాసింబీ, ఆకలైతాంది. అన్నం పెట్టు. వీనికీ పెట్టు" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ సంగతే ఎత్తలేదు.

తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! నాలుగు తిట్లు పడితే ఆ రోజుతో పోయేది. ఉస్తాదు ఎప్పటిలాగే "ఆ పాన ఇయ్యి", "ఈ నట్టు పట్టుకో" అంటూ పని చేసుకుంటున్నాడు. ఆ సాయంత్రం మాత్రం తలకు నూనె రాసుకుని, చొక్కా మార్చుకుని ఎక్కడికో పోయి వచ్చాడు. ఎక్కడికని అడిగే ముఖం ఓబులేసుకు లేదు.

ఓబులేసు మద్రాసు నుంచి లైనింగు తెప్పించాడు. షూలకు కొట్టించి, డ్రమ్మును లేతులో సాపు చేయించి, చక్రం బిగించబోతూ ఆగిపోయాడు. బ్రేకొక్కటేనా? హ్యాండిలు పట్టుకుని కూచుంటే, భుజం మీద బరువులేని ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది. అంతే, బండినంతా మళ్లీ విప్పి పరిచేశాడు.

ఈసారి ఇన్‌స్పెక్టరు వేరు. ప్రతి బోల్టు దగ్గరా ఓబులేసు తననే ఒక మాట అడుక్కున్నాడు: అమ్మను ఎక్కించుకుని పోతానా? ముందు చక్రం బేరింగు వెంట్రుకవాసి ఆడుతోంది. ఇదివరకైతే గ్రీజు కూరి సరిపెట్టేవాడు. తీసి పారేశాడు. క్లచ్చు కేబులులో ఒక పోగు తెగి ఉంది. ఎవరికీ కనిపించదు, అయినా మార్చాడు. పాడయిన సీటు స్ప్రింగు మార్చి, తానే ఎక్కి కూచుని, ఊగి, దిగి, మళ్లీ కూచుని చూసుకున్నాడు. ఖాళీ బండి వేసుకుని ఘాట్ ఎక్కి దిగాడు. బస్తాడు ఇసుక కట్టుకుని ఎక్కి దిగాడు. దారిలో చూసినవాళ్లు వీడికేదో పట్టిందనుకున్నారు.

ఒక పొద్దున తానే పోయి ఖాసింబీ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, కోవాకు పోదామా?"

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసి క్యారియరు అందుకుంది.

బండి ఘాట్ మొదలుపెట్టింది. లారీలు మూలుగుతూ ఎక్కుతుంటే, వాటి పక్కనుంచి రెండో గేరులో డుగ్గు డుగ్గుమంటూ, రొప్పు లేకుండా, ఆయాసం లేకుండా ఎక్కింది. లారీ డ్రైవర్లు తలలు బయటపెట్టి చూశారు. ఒకాయన ఏకంగా సలాం కొట్టాడు! ఖాసింబీ తన రాయచోటి చెల్లెలి కథ ఎత్తుకుంది. ఆ చెల్లెలి కోడలు మహా గయ్యాళి అట.

గువ్వలచెరువులో వేడి కోవా కొన్నారు. ఖాసింబీ అక్కడే సగం తినేసి, "చక్కెర జబ్బుందని మీ ఉస్తాదు గోల చేస్తాడు. చెప్పావంటే చూడు" అని బెదిరించింది.

ఇంక దిగుడు. ఒక మలుపు, ఇంకో మలుపు. బండి చెప్పినట్టు వింటోంది. మూడోది బాగా వంకర మలుపు. తిరిగీ తిరగ్గానే ఎదురుగా రోడ్డంతా గొర్రెలు! కాపరి ఎక్కడో వెనకున్నాడు. పక్కన లోయ.

ఓబులేసు తొక్కాడు. బండి జారలేదు, ఊగలేదు, వణకలేదు. కట్టేసినట్టు నిలబడింది. ముందు చక్రాన్ని ఒక గొర్రెపిల్ల వాసన చూసి తుమ్మి పోయింది.

"...దాంతో మా చెల్లెలు ఏం చేసిందంటే" అంటోంది వెనకనుంచి ఖాసింబీ. బండి ఆగిన సంగతే ఆమె గమనించలేదు.

ఓబులేసుకు సంతోషంతో ఏడుపొచ్చేసింది. మంద పోయేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత గేరు వేసి, కొండలు మారుమోగేట్టు ఒక్క కేక పెట్టాడు. "ఏమైందిరా?" అని ఖాసింబీ వీపు మీద ఒకటి చరిచింది.

షెడ్డు ముందు ఉస్తాదు ఆకురాయితో ఏదో ఇనుపముక్కను అరగదీస్తున్నాడు. భార్యను చూసి, "ఎట్లుంది బండి?" అన్నాడు.

"బండి సంగతి నాకేం తెలుసు? మా చెల్లెలి కోడలి గురించి చెప్తా ఉన్నా. పూర్తయ్యేలోగానే ఇల్లొచ్చేసింది" అంది ఆమె, క్యారియరు దాచుకుంటూ లోపలికి పోతూ.

ఉస్తాదు పెద్దగా నవ్వాడు. వంగి వెనక డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత కిరసనాయిలుతో చేతులు కడుక్కుని వచ్చి, బండి వెనక ఎక్కి కూచున్నాడు. ఆయన బతుకులో ఎవరి వెనకా కూచుని ఎరగడు. సుబ్బరాయుడు టీ వడకట్టడం ఆపేసి అట్లాగే చూస్తుండిపోయాడు.

"పోనీ" అన్నాడు ఉస్తాదు.

ఆయన చెప్పిన సందులన్నీ తిరిగి, రాయచోటి రోడ్డులో ఒక మూసిన కొట్టు ముందు ఓబులేసు బండి ఆపాడు. తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు. కొట్టు నెత్తిన ఎర్రరంగు బోర్డు. దాని మీద తెల్లటి అక్షరాల్లో తన పేరు. ఓబులేసు మోటార్ వర్క్స్.

దగ్గరికి పోయి వేలితో తడిమాడు. రంగు ఎప్పుడో ఆరింది. అక్షరాల మీద దుమ్ము కూడా పేరుకుంది.

"ఇది ఎప్పుడు రాయించినారు ఉస్తాద్?"

ఉస్తాదు జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వు ఖాసింబీని దించి బండికి స్టాండు వేసిన పొద్దు."