చిక్కని జొన్న కషాయం

దస్తగిరికి ఆ పొద్దు ముద్ద దిగలేదు.

దర్గా తోటలో కలుపు సంగతి ఎప్పుడూ అతనే చూసేవాడు. ఎండిన జొన్నచొప్ప నరికి, నానబెట్టి, మరిగించి, ఆ కషాయంలో సరిపడా నీళ్ళు కలిపి సాళ్ళ మధ్య చల్లితే కలుపు తలెత్తేది కాదు. పైరు మీద చుక్క పడకుండా చల్లడంలో అతని తర్వాతే ఎవరైనా. అట్లాంటిది దర్గా పెద్ద సత్తార్ బాబా, నిన్నగాక మొన్న వచ్చిన శిష్యుడు కాశింవలిని పిలిచి ఇక నువ్వు చల్లు అన్నారు. దస్తగిరి కషాయం కాచి ఇస్తే చాలట.

కడుపు మండదూ మరి? ఇవాళ చల్లే గరిటె ఇచ్చారు, రేపు దర్గా గద్దె కూడా వాడికే ఇస్తారు అనుకున్నాడు దస్తగిరి. ఆ గద్దె మీద అతనికి ఎన్నాళ్ళ నుంచో ఆశ.

ఈసారి కషాయాన్ని నల్లగా చిక్కబడేదాకా మరిగించాడు. నీళ్ళు కలపలేదు. కాశింవలి తెలియక చల్లితే, వాడు ప్రాణంగా పెంచుకుంటున్న ఉల్లినారు మాడిపోతుంది. మాట వాడికే వస్తుంది.

కుండ చల్లారుతుండగా బాబా వచ్చారు. లోపలికి తొంగిచూశారు. ఒక గరిటెడు ముంచుకుని, దస్తగిరి గది వెనక అతను విత్తుకున్న జొన్న మొలకల మీద చల్లారు. కుండ ముట్టుకోవద్దని ఇద్దరికీ చెప్పి వెళ్ళిపోయారు.

దస్తగిరి లోలోపల నవ్వుకున్నాడు. జొన్న రసం జొన్ననేం చేస్తుంది? పెద్దాయనకి చాదస్తం అనుకున్నాడు.

నాలుగు రోజులు తిరక్కుండానే మొలకలు పసుపుపచ్చగా మారి ఒరిగిపోయాయి. దస్తగిరి పరుగున బాబా దగ్గరికి వెళ్ళాడు.

"కాచింది జొన్నతోనే కదా బాబా. జొన్నే ఎట్లా మాడిపోయింది?"

బాబా జపమాల పక్కన పెట్టారు.

"మరీ చిక్కగా కాచావు నాయనా. అంత చిక్కనయ్యాక అది పుట్టిన కడుపుని కూడా ఎరగదు."

దస్తగిరి తల దించుకున్నాడు.

తర్వాత బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకొచ్చాడు. నలుపు విరిగేదాకా కుండలో పోశాడు. కాశింవలిని పిలిచి గరిటె చేతికిచ్చాడు.

"నారు మీద పడనీయకు తమ్ముడూ. ఇట్లా, చెయ్యి నేల దాకా దించి చల్లాలి" అన్నాడు.