గండం మోసే చేపలు

ఒక ఇంట్లో ఈశాన్యం మూల చిన్న గాజుతొట్టి ఉండేది. అందులో పులిచారల చేపలు మూడు ఉండేవి. వాస్తుకు మంచిదని ఇంటాయన తెచ్చి పెట్టాడు.

అమ్మినవాడు ముందే చెప్పాడు. "సార్, ఇవి పొగరుబోతు చేపలు. గుంపుగా ఉంటే వాటి గోల వాటిదే. రెండో మూడో ఉంటే మాత్రం ఒకదాన్ని పట్టుకుని తోక కొరికి చంపుతాయి."

"మా తొట్టి ఎంతని! మూడు చాల్లేవయ్యా," అన్నాడు ఇంటాయన. చెబితే వినే రకమైతే ఈ కథే లేదు.

అన్నట్టే అయింది. రెండు కలిసి మూడోదాని వెంటపడ్డాయి. దాని తోక పీలికలైంది. గాలి గొట్టం వెనక దాక్కుని దాక్కుని చివరికి వెల్లకిలా తేలింది. అదేరోజు ఇంటాయన స్కూటరు మీంచి పడ్డాడు. మోకాలు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు.

ఆయన తల్లి, ఆ ఇంటి పెద్దావిడ, చేతులు జోడించింది. "నీ మీదికొచ్చిన గండం అది మోసుకుపోయిందిరా నాయనా! పోయి ఇంకోటి పట్రా."

చచ్చినదాన్ని దిష్టి తీసిన నిమ్మకాయలా నాలుగురోడ్ల కూడలిలో పడేశారు. కొత్తది వచ్చింది. పాతవి దాని పనిపట్టాయి. మళ్ళీ కూడలి, మళ్ళీ కొత్తది. ఇంట్లో ఎవరికీ తలనొప్పయినా రాలేదు.

ఇంటావిడకు మాత్రం ఒకసారి జాలేసింది. తోక తెగినదాన్ని గ్లాసులోకి తీయబోయింది.

"ముట్టుకోకు! అది బతికితే మనలో ఎవరి ప్రాణం మీదికొస్తుందో," అంది అత్తగారు.

ఇంటావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లగల తల్లి, ఏం చేస్తుంది పాపం!

ఆ పిల్లకే జ్వరం వచ్చింది. డాక్టరు మందిచ్చి, "సాయంత్రానికి తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు. మధ్యాహ్నానికి పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మంచం తొట్టి పక్కకు జరిపి, అందరూ చేపల వంక చూస్తూ కూర్చున్నారు. ఒక్కటీ చావలేదు.

"ఇంకాసిని తెచ్చి వదలరా. ఇరుకైతే బాగా కొట్టుకుంటాయి," అంది పెద్దావిడ.

ఇంటాయన పరుగున పోయి సంచినిండా తెచ్చి వదిలాడు. అమ్మినవాడి మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. గుంపు కాగానే చేపలు కొరుక్కోవడం మానేశాయి. కాసేపు తరుముకున్నాయి, అంతే. ఒక్కదాని తోకా తెగలేదు.

పొద్దు వాలింది. పాప పిలిస్తే పలకడం లేదు.

"ఆస్పత్రికి పోదామండీ," అని ఏడ్చింది ఇంటావిడ.

"కాసేపు ఆగవే. ఒక్కటి పోతే చాలు, జ్వరం అదే దిగుతుంది," అంది అత్తగారు. మొగుడు చేపల్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఇంటావిడ ఆగలేకపోయింది. ఒకదాన్ని తనే నలిపేద్దామని తొట్టిలో చెయ్యి పెట్టింది. చేపలు చెదరలేదు. అన్నీ మంచం వైపుకి వచ్చి, గాజుకు మూతులు ఆనించి నిలబడ్డాయి.

పాత చేపల్లో ఒకటి కొత్తవాటితో అంటోంది. "భయపడకండర్రా. బయట ఒకటి అయిపోవచ్చింది. అది పోతే మన గండం గడిచినట్టే."

ఆ మాట ఇంటావిడకు వినబడలేదు. కానీ ఆ చూపు ఆవిడకు తెలుసు. ఇన్నాళ్ళూ ఇటునుంచి తాము చూసింది ఆ చూపే.

"మీ గండాలు తగలెయ్య!" అని అరిచి, తడిచేతులతోనే పాపను భుజాన వేసుకుని ఆటో కోసం వీధిలోకి పరుగెత్తింది. మొగుడు చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే ఉరికాడు.

పాప బతికింది. ఇంతసేపు ఏం చేస్తున్నారని ఆస్పత్రివాళ్ళు నానా తిట్లూ తిట్టారు. మొగుడూ పెళ్ళాం తలొంచుకుని పడ్డారు.

ఇంట్లో పెద్దావిడ ఒక్కతే మిగిలింది. ఏదో ఒకటి చస్తుందేమోనని తొట్టికి ఎదురుగా కుర్చీలోనే ఉంది. చేపలు కాసేపు ఖాళీ మంచాన్ని చూశాయి. తర్వాత అన్నీ ఒకేసారి ఆవిడ వైపు తిరిగాయి.

"ఏం చూస్తారే!" అంది. కుర్చీ పక్కకు జరుపుకుంది, చేపలూ అటే జరిగాయి.

"తొందరేం లేదర్రా," అంది పాత చేప. "చూస్తూ ఉండండి."